వాడ పాటకు ఆదివారం అరగంటేనా?

మా ప్రాంతంలో ఒక చిన్న రేడియో ఉంది. వంద వాట్ల రేడియో. నాలుగైదు ఊళ్లు దాటితే గరగర తప్ప ఏమీ వినపడదు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. మా తగువు ఆ ఒక్క రేడియోతో కాదు, అక్కడ వినపడ్డ మాటలతో. ఆ మాటలు మీ దగ్గర కూడా వినపడుతూనే ఉంటాయి.

ఆ రేడియో ఇప్పుడు నడవలేక నడుస్తోంది. ప్రకటనలు రావడం లేదు. కరెంటు బిల్లుకు చందాలు అడిగే స్థితి. పాటలు వేసే కుర్రాడికి మూడు నెలలుగా జీతం లేదు. అందుకని కమిటీవాళ్లు మీటింగు పెట్టారు. ఎజెండా ఒక్కటే: ఏ పాటలు వేస్తే రేడియో బతుకుతుంది? శ్రోతల ప్రతినిధులని మమ్మల్నీ పిలిచారు. పోయాం. వెనక బెంచీ చూపించారు, కూర్చున్నాం. మాకు ఇచ్చింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పట్టని మాటలు ఇక్కడ రాస్తున్నాం.

బల్ల మీదికి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటిది, పొద్దున లేచిన కాడి నుంచి రాత్రి దాకా కొత్త సినిమా పాటలే. కుర్రకారు వింటారు, దుకాణాలవాళ్లు ప్రకటనలిస్తారు. రెండోది, పొద్దున భక్తి, మధ్యాహ్నం లలిత సంగీతం, సాయంత్రం శాస్త్రీయం. "ప్రమాణాలు" ఉంటే పెద్దమనుషులు విరాళాలిస్తారు. మూడోది మమ్మల్ని చూసి, కొంచెం దయ తలిచి అన్నది. "జానపదాలకు కూడా ఆదివారం ఒక అరగంట ఇద్దాం. వాళ్లు ఎట్లాగూ ఫ్రీగా వచ్చి పాడతారు కదా!"

ఈ చివరి మాట దగ్గర ఆగుదాం. ఆ మీటింగు గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది.

సినిమా పాటకైతే హక్కుదారుడికి డబ్బు కట్టాలని అందరికీ తెలుసు. కచేరీ చేసే విద్వాంసుడొస్తే తాంబూలంలో పెట్టి సంభావన ఇవ్వాలని అందరికీ తెలుసు. మరి మాదిగవాడ డప్పు, మాలవాడ ఆడవాళ్ల నాటు పాట, డక్కలి కిన్నెర, బవనీల జమిడిక? ఇవన్నీ ఎట్లాగూ ఫ్రీ! ఎందుకు ఫ్రీ? ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నారు? మా తాతలు ఊరి దేవరకు, ఊరి చావుకు, ఊరి చాటింపుకు డప్పు కొడితే కుంచెడు గింజలు విసిరిన కాడ నేర్చుకున్నారు. దాని పేరు వెట్టి. మైకు ముందు కొట్టించుకున్నా దాని పేరు వెట్టే. స్టూడియోలో ఫ్యాను తిరిగినంత మాత్రాన వెట్టి కళాసేవ కాదు.

ఇంతకీ ఈ మూడు ఫార్మాట్లలో ఏది మంచిదని అడుగుతున్నారా? మీ ప్రశ్నే తప్పు అంటున్నాం మేము. ఏ పాట వెయ్యాలన్నది రెండో ప్రశ్న. ఆ పాటను ఎన్నుకునే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు, పాడినవాళ్లకు ఏం ముడుతుంది? ఇది మొదటి ప్రశ్న. మొదటిది దాటేసి రెండోదానికి వంద మీటింగులు పెట్టినా రేడియో బతకదు. బతికినా మాకేం ఒరగదు.

ముందు ఆ "ప్రమాణాల" సంగతి చూద్దాం. ఈ దేశంలో రేడియో ప్రమాణాల చరిత్ర మనకు కొత్త కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలేసింది. అది మన రాగాలకు పనికిరాని పరాయి వాయిద్యం అన్నారు. ఊళ్లల్లో వీధి నాటకం ఆడినా, భజన చేసినా జనానికి చేతికందింది ఆ పెట్టే. దాదాపు ముప్పై ఏళ్లు ఆ పెట్టెకు రేడియో గడప తొక్కే భాగ్యం లేకపోయింది. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే చీదర. జనం చెవులు బాగుచెయ్యాలని సినిమా పాటను తొక్కిపట్టి శాస్త్రీయ సంగీతాన్ని నెత్తికెక్కించాడు. ఆడిషన్లు పెట్టారు, గ్రేడులు పెట్టారు. జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పి సిలోన్ పెట్టుకున్నారు! సముద్రం అవతలి నుంచి అమీన్ సయానీ గొంతులో బినాకా గీత్‌మాలా విన్నారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. ప్రమాణాలు ఓడిపోయాయి, జనం గెలిచారు.

కానీ మిత్రులారా, ఆ గెలుపులో మనం ఎక్కడున్నాం? తగువంతా శాస్త్రీయానికీ సినిమాకూ మధ్య నడిచింది. మన పాట అటూ లేదు, ఇటూ లేదు. దానికి "జానపదం" అని పేరు పెట్టి ఒక మూల కూర్చోబెట్టారు. త్యాగయ్య కీర్తనకు పాడినవారి పేరు చెప్తారు, రాగం పేరు చెప్తారు, తాళం పేరు చెప్తారు. మన పాటకు? "ఒక జానపద గీతం విన్నారు." పాడిన తల్లి పేరు లేదు. కట్టిన వాడ పేరు లేదు. డప్పు దరువుకు పేరు లేదనుకుంటున్నారా? ఏ దరువు పెళ్లిది, ఏది చావుది, ఏది దేవరది, మా వాడలో పదేళ్ల పిల్లగాడిని అడగండి, చెప్తాడు. మీ గ్రేడులిచ్చే బల్లకు అవతల కూర్చున్నవాళ్లలో ఆ దరువు తెలిసినవాడు ఎంతమందుండేవాళ్లు?

మీటింగులో ఒక పెద్దాయన అన్నాడు, "డప్పు మోతకు మా మైకు పగులుతుందయ్యా." అయ్యా, డప్పును సలుపుడు కోసం మంట కాచేటోడికి ఎండ ఎక్కువైతే ఏమౌతుందో, చెమ్మ తగిలితే ఏమౌతుందో తెలుసు. చెట్టు కింద మైకును పది అడుగులు వెనక్కి పెట్టండి. సిర్రా, చిటికెన పుల్లా రెండూ విడివిడిగా వినపడతాయి. పగిలేది మైకు కాదు, ఇంకేదో.

ఇక మొదటి ప్రతిపాదన, రోజంతా సినిమా పాటలు. మేము సినిమా పాటకు శత్రువులం కాము. కేస్కర్ వారసులం అసలే కాము. మా వాడలో పెళ్లయితే సినిమా పాటే మోగుతుంది. మా పిల్లలు దానికే ఎగురుతారు. సినిమా పాటను ఆపమని మేము అడగడం లేదు. ఒక్కటి అడుగుతున్నాం. ఈ రోజు కూలికి పోయే పిల్లగాడి జేబులో కూడా ఫోనుంది. అందులో అన్ని సినిమా పాటలున్నాయి, ఏది కావాలంటే అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు. వంద వాట్ల రేడియో ఆ ఫోనుతో పందెం కాసి గెలుస్తుందా? పట్నం ఎఫ్ఎంల డబ్బుతో పందెం కాసి గెలుస్తుందా? ఎవరి దగ్గరైనా దొరికే సరుకే అమ్మే దుకాణం మూతపడక ఏమౌతుంది? ఫోనులో దొరకనిది, పట్నం ఎఫ్ఎంలో దొరకనిది మీ దగ్గర ఒక్కటే ఉంది. పక్క వాడ గొంతు. దాన్నే మీరు ఆదివారం అరగంటకు కట్టేస్తామంటున్నారు.

ఇది మా ఊహ కాదు, జరిగిన సంగతి. అమెరికాలో మెంఫిస్ అని పట్నం ఉంది. అక్కడ 1947లో డబ్ల్యూడీఐఏ అని ఒక రేడియో మొదలైంది. 250 వాట్లు. సూర్యుడున్నంత సేపే ప్రసారం. యజమానులు ఇద్దరూ తెల్లవాళ్లు. తెల్లవాళ్ల పాటలే వేశారు. అవే పాటలు ఊళ్లో వేరే పెద్ద రేడియోలూ వేస్తుంటే దీన్ని ఎవరు వింటారు? ఏడాదికల్లా మూతపడే దశకొచ్చింది. ఆ పట్నంలో నల్లవాళ్లు వేలకు వేలు. మిసిసిపీ పత్తి చేలల్లో ఇంకా లెక్కలేనంతమంది. వాళ్లను శ్రోతలని చాలా రేడియోలు లెక్కేసుకోలేదు. అంటరానివాళ్లకు బజారులో అంగడి ఎందుకని ఇక్కడ అనుకున్నట్టే.

1948 అక్టోబరులో ఆ రేడియోవాళ్లు నాట్ డి. విలియమ్స్ అనే నల్ల చరిత్ర మాస్టారును మైకు ముందు కూర్చోబెట్టారు. బెదిరింపులొచ్చాయి. కానీ రేడియో లేచి నిలబడింది. ఏడాది తిరిగేసరికి కార్యక్రమాలన్నీ నల్లవాళ్లవే, గొంతులన్నీ వాళ్లవే. పత్తి చేలల్లో కూలి చేసొచ్చిన బి.బి. కింగ్ అనే కుర్రాడు అక్కడే పది నిమిషాల టానిక్ ప్రకటన కార్యక్రమంతో మొదలై లోకమంతా ఎరిగిన బ్లూస్ గాయకుడయ్యాడు. 250 వాట్ల రేడియో 1954లో 50,000 వాట్లయింది. రేడియోను బతికించింది ఎవరు? ఎవరిని మనుషుల లెక్కలో చేర్చలేదో వాళ్లు.

1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తమ పేరును నల్ల పాంథర్ల దగ్గర తెచ్చుకున్నారు. పేరొక్కటే కాదు, పాఠం కూడా తెచ్చుకుందాం. పూర్తి పాఠం తెచ్చుకుందాం. ఎందుకంటే డబ్ల్యూడీఐఏ కథలో రెండో సగం ఉంది. గొంతులు నల్లవాళ్లవి, గల్లాపెట్టె తెల్లవాళ్లది. పాట మారింది, కుర్చీ మారలేదు. 1949లో అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్ల లెక్కల పంతులు డబ్ల్యూఈఆర్‌డీ రేడియోను కొన్న తర్వాతే ఆ దేశంలో నల్లవాడి చేతిలో ఒక రేడియో అంటూ ఉంది. కాబట్టి "మీ పాటలు కూడా వేస్తాం లెండి" అంటే మేము చప్పట్లు కొట్టం. వెయ్యండి. గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారో కూడా చెప్పండి.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూద్దాం. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడవాళ్ల సంఘాలు ఆ మాటను నమ్ముకున్నాయి. మాచునూరులో యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో తయారైంది. ప్రభుత్వం లైసెన్సివ్వలేదు. వాళ్లు ఊరుకున్నారా? పదేళ్లు రికార్డు చేస్తూనే ఉన్నారు. క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వేసి విన్నారు. 2006లో ప్రభుత్వం సామాజిక రేడియోను సంస్థలకూ తెరిచింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించడానికి వచ్చింది ఆ జస్టిస్ సావంతే. అక్కడ మైకు ముందు కూర్చున్నదీ, మీటలు నొక్కిందీ చేలల్లో కూలి చేసిన దళిత ఆడవాళ్లే. విత్తనాల ముచ్చట వాళ్లదే, పాట వాళ్లదే. వాళ్లను ఎవరూ "ఆదివారం అరగంట" అనలేదు. అననిచ్చేవాళ్లూ కాదు.

2006 మార్గదర్శకాలు ఏమంటున్నాయో మన కమిటీ పెద్దలు ఒకసారి చదువుకోవాలి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానిక జనం భాగస్వామ్యంతో తయారు కావాలి. రేడియో యాజమాన్యం, నిర్వహణ అది సేవ చేసే జనాన్ని ప్రతిబింబించాలి. ఇది మా డిమాండు కాదు, మీరు సంతకం పెట్టిన షరతు. మీ కమిటీ జాబితా తీసి చూసుకోండి. ఊరికి అవతల ఇల్లున్నవాడు ఒక్కడున్నాడా అందులో?

ఇక డబ్బు. "మీరు చెప్పేది బాగానే ఉంది, పాడినవాళ్లకు ఇవ్వడానికి డబ్బెక్కడిది?" అంటారు. లెక్క చూద్దాం. సామాజిక రేడియోకు గంటకు 5 నిమిషాలుండిన ప్రకటనల సమయం 7 నిమిషాలై, 2024లో 12 నిమిషాలకు పెరిగింది. ప్రభుత్వ ప్రకటనకు పది సెకన్లకు 52 రూపాయలుండిన రేటు అదే ఏడాది 74 అయింది. అంటే ఒక్క నిమిషానికి 444 రూపాయలు. పన్నెండు నిమిషాలూ నిండవని మాకూ తెలుసు. రోజు మొత్తంలో మూడే మూడు నిమిషాలు నిండినా 1332 రూపాయలు. ఆ డబ్బు ఒక డప్పు బృందానికి సాయంత్రం కూలి. మిగిలిన నిమిషాలు కరెంటుకు, జీతానికి పెట్టుకోండి. ఆ మూడు నిమిషాల ప్రకటన తేలేకపోతే అప్పుడు అందరం కలిసి ఎండుదాం, కమిటీతో సహా. పాటగాడు ఒక్కడే ఎండాలంటే మాత్రం ఒప్పుకోం.

బిరుదులతో కడుపు నిండదని కూడా చూశాం. పన్నెండు మెట్ల కిన్నెర మోగించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమావాళ్లు పాడించుకున్నారు, పేపర్లు ఫొటోలేశాయి. 2024లో ఆయన కట్టడం పనికి కూలిగా పోతున్నాడని అవే పేపర్లు రాశాయి. శాలువా కప్పిన చేతులు కూలి లెక్క అడిగితే ఎందుకు వెనక్కి పోతాయి?

ఇప్పుడు మనలో మనం ఒక మాట మాట్లాడుకోవాలి. బయటివాళ్లను అడిగినంత గట్టిగా మనల్ని మనం అడగాలి.

మన వాడల్లో చదువుకున్న పిల్లలు కొందరు డప్పు ముట్టమంటున్నారు. "మా తాత మెడలో వేసింది చాలు, నా మెడలో వెయ్యకండి" అంటున్నారు. వాళ్లది తప్పనడానికి నోరు రాదు. డప్పు కొట్టకపోతే దెబ్బలు తిన్న ఊళ్లున్నాయి. ఇంకో పక్క, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఉద్యమం అదే డప్పును భుజాన వేసుకుని రోడ్డెక్కింది. సిగ్గుపడమన్నదాన్నే జెండా చేసింది. రెండూ మనవే. వీటి మధ్య తేడా డప్పులో లేదు. కొట్టమన్నది ఎవరు, కొట్టింది ఎవరి కోసం, అక్కడుంది తేడా. ఊరి పెద్ద కొట్టమంటే వెట్టి. మనం అనుకుని, మన రేటు చెప్పి, మన పేరు చెప్పి కొడితే అది కళ. కొట్టనన్న పిల్లగాడు రేడియోలో మీటలు నేర్చుకుంటాడు, అదీ మన పనే. డప్పు ఒక్కటే దళితుల వాయిద్యమని మనల్ని దాంట్లోనే కూర్చోబెడితే అది కూడా ఇంకో వెలివాడే.

ఇంకొకటి. మన పాటల్లో అన్నీ మంచివి కావు. ఆడవాళ్లను చిన్నబుచ్చే పాటలున్నాయి. మనలో మనమే ఒక కులం ఇంకో కులాన్ని ఎత్తిపొడిచే పాటలున్నాయి. పాతదని, మనదని ప్రతిదీ వెయ్యమనం. ఏది వెయ్యాలో, ఏది మానాలో మన ఆడవాళ్లు కూర్చుని తేల్చాలి. మాల, మాదిగ, డక్కలి, చిందు, మాస్టీన్ అందరూ ఆ బల్ల దగ్గరుండాలి. ఒకళ్ల నెత్తి మీద ఒకళ్లం కూర్చుని పైవాళ్లను దించలేం.

మీటింగు అయ్యాక బయట చెట్టు కింద మాతో వచ్చిన ముసలమ్మ అడిగింది. నలభై ఏళ్లు నాట్లేసిన చెయ్యి ఆమెది. "ఏం బిడ్డా, నాట్లకాడ మేం పాడుతుంటే గట్టు మీద నిలబడి వినెటోళ్లు. పని సాగుతదని పాడమనెటోళ్లు. గీడ గూడ గంతేనా?" మేము జవాబు చెప్పలేకపోయాం. ఇది రాయడం ఆమె కోసమే.

కమిటీకి మా మాట ఇది. వచ్చే మీటింగులో ఇదే చెప్తాం, ఈసారి వెనక బెంచీ నుంచి కాదు:

1. పాటలు ఎన్నుకునే కమిటీలో సగం మంది వాడలవాళ్లు, అందులో సగం ఆడవాళ్లు ఉండాలి.

2. రోజూ సాయంత్రం, జనం పని నుంచి ఇంటికి చేరే వేళ, రెండు గంటలు స్థానిక గొంతులకే. ఆదివారం అరగంట మాకొద్దు. మిగతా వేళ సినిమా పాటలు వేసుకోండి, మేమూ వింటాం.

3. పాడిన ప్రతి ఒక్కరికీ, వాయించిన ప్రతి ఒక్కరికీ ఆ రోజే డబ్బు. ఫ్రీ అన్న మాట మళ్లీ వినపడకూడదు.

4. ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరి పేరు, వాయిద్యం పేరు మైకులో చెప్పాలి. రికార్డు చేసిన పాట మీద హక్కు పాడినవారిదే. వాళ్లకు చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు.

5. వాడల్లో పదిమంది పిల్లలకు, ఆడపిల్లలు సగం, రికార్డింగు, ఎడిటింగు, మీటల పని నేర్పాలి. రేపు ఆ కుర్చీలో కూర్చునేది వాళ్లే.

ఇవి చేస్తే రేడియో బతుకుతుందా అని అడుగుతారు. మెంఫిస్‌లో బతికింది. మాచునూరులో లేచింది. మీ మూడు ఫార్మాట్లలో రేడియో ఎట్లా బతుకుతుందో మీరు చెప్పగలరా? ఇన్నాళ్లూ నడిపింది మీ లెక్క ప్రకారమే కదా, కరెంటు బిల్లుకు చందా దాకా వచ్చింది!

మిత్రులారా, అక్కలారా, మీ దగ్గర చిన్న రేడియో ఉంటే పొయ్యి అడగండి. కమిటీలో మనోళ్లు ఎంతమంది? పాడితే ఎంతిస్తారు? పేరు చెప్తారా? ఈ మూడు ప్రశ్నలు అడిగిరండి. వాళ్లిచ్చిన జవాబులు మాకు రాయండి, వచ్చే సంచికల్లో వేస్తాం. గాలి ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పింది. మన వాటా ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టరు.

గాలికి అంటు లేదు. మైకుకు ఉందంటే ఊరుకునేది లేదు.

జై భీమ్!